ఎర్ర గుడ్డ కట్టిన సీసా

మా షాపులో ఒక నియమం ఉంది. ముట్టుకుంటే ప్రమాదం అనుకున్న వస్తువుకు ఎర్ర గుడ్డ పీలిక కడతాం. కట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ దాన్ని విప్పకూడదు. అవసరం పడితే ముందు, ఎందుకు కట్టావని అడగాలి. జవాబు విన్నాక కూడా విప్పవలసింది కట్టినవాళ్ళే. ఆ నియమం నాయిన పెట్టిందే. అమ్మ పాత ఎర్ర చీర ఒకటి చింపి, పీలికలన్నీ గోడ మేకుకు వేలాడదీశాడు. షాపులో ఉండేది మేమిద్దరమే అయినా, ఒకరు కట్టిన గుడ్డను ఇంకొకరు విప్పిన రోజు లేదు.

రాయచూరులో తీన్ కందిల్ చౌరస్తా దాటాక బట్టల దుకాణాల వెనక ఒక సన్న సందు ఉంది. మా షాపు అందులో. బోర్డు మీద రేడియో, టీవీ రిపేరు అని కన్నడంలో రాసి ఉంటుంది కానీ, ఆ రెండూ మా గడప తొక్కి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు వచ్చేవన్నీ పాత కొలత పరికరాలు. కరెంటు అలలను తెర మీద చూపించే కాలేజీ ల్యాబుల సీఆర్ఓలు, పత్తి జిన్నింగ్ మిల్లుల్లో మోటార్లను పరీక్షించడానికి చేత్తో తిప్పే టెస్టర్లు, వాల్వుల కాలం నాటి వోల్ట్ మీటర్లు. యరమరస్ కరెంటు కేంద్రం వైపు నుంచి కాంట్రాక్టర్లు కూడా తెస్తారు. కొత్తదాని కంటే పాతదే నిజం చెబుతుందని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు.

నేను ఎలక్ట్రానిక్స్‌తో డిగ్రీ చదివి షాపులోనే కూర్చున్నాను. గిరాకీ వస్తే మాట్లాడటం నా వల్ల కాదు. అందుకని నా బల్ల కర్టెన్ వెనక ఉంటుంది. నాయిన ముందు బల్ల దగ్గర మనుషులతో మాట్లాడితే, నేను వెనక పరికరాలు విప్పుతాను. వాటితో వచ్చే పాత మాన్యువళ్ళు చదువుతాను. నాయినకు ఇంగ్లీషు రాదు. సర్క్యూట్ బొమ్మ చూస్తే మాత్రం ఎక్కడ ఏం తప్పిందో వేలు పెట్టి చూపిస్తాడు. పేజీల్లోని మాటలు చదివి చెప్పడం నా పని.

పని నేర్పేటప్పుడు ఆయన చాలా కఠినంగా ఉండేవాడు. మూత తీసిన పరికరం ముందు ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకోవాలి. పిక్చర్ ట్యూబు బయటకు తీస్తే పాత పరుపులో చుట్టాలి, కళ్ళకు అద్దాలు లేకుండా దాని దగ్గరికి పోకూడదు. ఆయన మాటల్లో అన్నిటికంటే చెడ్డది కండెన్సర్. ప్లగ్గు పీకేసినా, పరికరం రోజంతా మూలన పడి ఉన్నా, కండెన్సర్ తనలో కరెంటు దాచుకుని ఉంటుంది. దాన్ని దింపడానికి రొట్టె కర్రకు వైరూ రెసిస్టెన్సూ బిగించి ఒక సాధనం చేశాడు.

"చచ్చిందా?" అని అడిగేవాడు.

"చచ్చింది నాయినా."

"ఎట్ల తెల్సు?"

"ఒకసారి డిశ్చార్జి చేసిన."

"ఒక్కపారికి చస్తదా గది? పండుకున్నట్టు నక్రాలు చేస్తది. నువ్వు చాయ్ తాగి వచ్చేసరికి మళ్ల లేసి కూసుంటది. రెండు కాళ్ల నడుమ వైరు కట్టు. గప్పుడు చెప్పు చచ్చిందని."

అది నిజమే. దింపిన తర్వాత కూడా పెద్ద కండెన్సర్లలో కరెంటు కొంత మళ్ళీ పోగవుతుంది. మీటరు పెట్టి చూపించాడు. ముల్లు దానంతట అదే మెల్లగా లేచింది. ఇంత జాగ్రత్త ఉన్న మనిషి ఆ కండెన్సర్లలోని నూనె విషయంలో ఒక్కసారి కూడా అనుమానపడలేదు.

నూనె సంగతి చెప్పాలంటే అమ్మ మోకాళ్ళ సంగతి చెప్పాలి.

అమ్మ చాలా ఏళ్ళుగా ఒక ఖానావళికి, అంటే భోజన హోటలుకు, జొన్నరొట్టెలు చేసి ఇచ్చేది. పొద్దున్నే నేల మీద కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. యాభై దాటేసరికి మోకాళ్ళు పట్టేశాయి. గోడ పట్టుకుని లేవాలి, గోడ పట్టుకుని కూర్చోవాలి. మా వైపు మోకాళ్ళ నొప్పికి ట్రాన్స్‌ఫార్మర్ నూనె రాస్తారు. ఎవరు మొదలుపెట్టారో కానీ చాలా ఇళ్ళలో ఒక చిన్న సీసా ఉంటుంది. నాయిన స్నేహితుడు ఒకాయన కరెంటు లైన్‌మన్‌గా చేసేవాడు. ఆయన తెచ్చి ఇచ్చేవాడు.

"వదినె, గిది రెండు నెలలు రాయ్. పరుగు పందెంల ఫస్ట్ వస్తవ్."

"వస్త. నువ్వు తాగొచ్చిన దినం నిన్ను తరిమి కొట్టెతందుకు పనికొస్తది," అనేది అమ్మ.

"చూసినవా అన్నా, మందు తెచ్చిచ్చినోన్ని గిట్ల మాట్లాడొచ్చునా?"

"నిజమే కదా చెప్పింది," అనేవాడు నాయిన నవ్వకుండా.

తర్వాత ఆయన రిటైరయ్యాడు. కరెంటు ఆఫీసు స్టోరుకు తాళం పడింది, తాళానికి ఎదురుగా కెమెరా పెట్టారు. "ఇంగ నా తోటి కాదన్నా," అని చేతులెత్తేశాడు. సీసా ఖాళీ అయిన వారానికి అమ్మ మళ్ళీ గోడ పట్టుకుని మూలగడం మొదలుపెట్టింది.

అప్పుడే నాయినకు షాపులో మూలన పడి ఉన్న పాత హైవోల్టేజ్ కండెన్సర్లు గుర్తొచ్చాయి. నెయ్యి డబ్బాలంత రేకు పెట్టెలు. లీకైనవి తీసి కొత్తవి బిగించాక, పాతవాటిలో నూనె మిగిలే ఉండేది. ఒకదాని పైభాగం ఊడదీసి ఒక సీసాలోకి వంపాడు. తేనెకంటే పలుచన, కొంచెం పసుపు. పళ్ళెంలో రెండు చుక్కలు వేసి అగ్గిపుల్ల గీసి పెట్టాడు. పుల్ల ఆరిపోయింది కానీ నూనె అంటుకోలేదు.

"చూసినవా బిడ్డా, అగ్గి గూడ ముడతలేదు. సల్లటి నూనె. లైన్‌మన్‌ది దీని ముంగట ఏం లెక్క? ఫారిన్ మాల్ గిది."

నాకు కూడా అది గొప్పగానే అనిపించింది. ఆ సంగతి రాసి తీరాలి. సీసా ఇంటికి మోసుకెళ్ళింది నేనే.

అప్పటి నుంచి రెండేళ్ళు, దాదాపు ప్రతి సాయంత్రం అదే వరుస. నాయిన షాపు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గూట్లోంచి సీసా తీసేవాడు. అమ్మ చాప మీద కాళ్ళు చాపేది. అరచేతిలో నూనె వేసుకుని ఒక్కో మోకాలికి మెల్లగా, గుండ్రంగా రుద్దేవాడు. మా నాయిన అమ్మ చెయ్యి పట్టుకుని నడవడం నేనెప్పుడూ చూడలేదు. పేరు పెట్టి పిలవడం కూడా వినలేదు. వాళ్ళ మధ్య నేను కళ్ళారా చూసిన దగ్గరితనం ఆ పావుగంటే. ఆ సమయంలో నేను వంటింట్లోకి పోయి ఏదో ఒక పుస్తకం ముందేసుకుని కూర్చునేదాన్ని.

కొన్నాళ్ళకు అమ్మ చెవుల వెనక, తొడల మీద నల్ల తల ఉన్న చిన్న గింజలు లేచాయి. నాయిన మణికట్ల మీద కూడా.

"గీ వయసుల మొటిమలేందే నాకు? పెండ్లిపిల్ల లెక్క," అని అమ్మ నవ్వేది.

"ఎండకు," అనేవాడు నాయిన. రాయచూరులో దేనికైనా ఎండ అని చెప్పవచ్చు. ఎవరూ కాదనరు.

కిందటి వానాకాలం చివర ఒక మూతపడిన మిల్లు నుంచి కేబుళ్ళను పరీక్షించే పాత హైవోల్టేజ్ సెట్టు వచ్చింది. మంచి స్థితిలో ఉంది. మూత లోపలి అరలో మాన్యువల్ కూడా ఉంది. నేను ఎప్పటిలాగే మొదటి పేజీ నుంచి చదువుతూ పోయాను. చివరి పేజీకీ అట్టకూ మధ్య విడిగా ఒక కాగితం మడిచి పెట్టి ఉంది. మాన్యువల్ అచ్చయిన చాలా ఏళ్ళ తర్వాత, తయారు చేసినవాళ్ళు పంపిన హెచ్చరిక అది.

పాత కండెన్సర్లలో నింపిన ద్రవం విషం అని అందులో ఉంది. మంటకు అంటుకోదు. నీళ్ళకంటే బరువు. చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది, లోపల చేరింది సులువుగా పోదు. చర్మం మీద గింజలు లేవవచ్చు, కాలేయం చెడవచ్చు. లీకైతే చేతి తొడుగులు లేకుండా తాకవద్దు, కాలవలో పోయవద్దు, కాల్చవద్దు.

గింజలు అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది.

అది మా నూనె కాకపోవచ్చు అనుకున్నాను. ఇంటికి పోయి స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, సీసాలోంచి ఒక చుక్క వేశాను. నూనె ఏదైనా నీటి మీద తేలుతుంది. ఆ చుక్క నెమ్మదిగా, ఆగి ఆగి, అడుక్కి పోయి కూర్చుంది. ఫోన్‌లో వెతికితే దొరికినవన్నీ ఆ కాగితం కంటే భయంకరంగా ఉన్నాయి.

ఆ రోజు డైరీలో అంతా రాశాను. నా డైరీ తెలుగులో ఉంటుంది. మాది తెలుగు ఇల్లే కానీ, అమ్మ బడికి పోలేదు. నాయిన చదివింది కన్నడంలో. నేనూ కన్నడ బడిలోనే చదివాను. తెలుగు అక్షరాలు పాత వారపత్రికలు దగ్గర పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. మా ఇంట్లో అందరూ మాట్లాడే భాషను చదవగలిగేది నేనొక్కదాన్నే. అందుకే డైరీకి తాళం అక్కరలేదు. బల్ల మీద తెరిచి పడేసినా ఏమీ కాదు. ఆ రోజు వరకు అది నాకు సుఖంగా ఉండేది.

రాశాను కానీ చెప్పలేదు. పంతొమ్మిది రోజులు చెప్పలేదు.

కారణాలు అప్పుడు చాలా ఉన్నట్టు అనిపించింది. నీ చేతులతో అమ్మకు విషం రాశావని నాయినకు ఎలా చెప్పడం? ఏ మాటతో మొదలుపెట్టడం? రోజూ షాపులో ఒక వాక్యం తయారు చేసుకునేదాన్ని. సాయంత్రం ఆయన చాప దగ్గర కూర్చోగానే లేచి వంటింట్లోకి పోయేదాన్ని. ఒకరోజు సీసా బియ్యం డబ్బా వెనక దాచాను. నాయిన షాపు నుంచి ఇంకో సీసా నింపుకొచ్చాడు. దాంతో ఆ దారీ మూసుకుపోయింది. ఈ రోజు డైరీ చదివి చూస్తే ఆ కారణాల్లో ఒక్కటీ నిలబడదు. నాకు నోరు రాలేదు, అంతే.

పంతొమ్మిదో రోజు అమ్మను దవాఖానాకు తీసుకుపోయాం. అప్పటికే కొన్ని వారాలుగా అన్నం సయించడం లేదు. కళ్ళలో పచ్చదనం కనిపించింది. డాక్టర్ పొట్ట నొక్కి చూశాడు. రక్తం తీయించాడు. కాలేయం వాచినట్టుందని చెప్పి, నాటు మందులు ఏమైనా వాడుతున్నారా అని కన్నడంలో అడిగాడు.

"ఇల్ల సర్, ఏనూ ఇల్ల," ఏమీ లేదన్నాడు నాయిన. అబద్ధం చెప్పాలని కాదు. రాసుకునే నూనె ఆయన లెక్కలో మందు కాదు.

డాక్టర్ అమ్మ వైపు చూశాడు. అమ్మ కూడా తల అడ్డంగా ఊపింది. తర్వాత నా వైపు చూశాడు. నేను అమ్మ చెప్పులను చూస్తూ నిలబడ్డాను.

ఆ గదిలోంచి బయటకు వచ్చాక ఆటోలో అమ్మ నా భుజం మీద తల పెట్టి కళ్ళు మూసుకుంది. చెవి వెనక గింజలు నా కళ్ళ ముందే ఉన్నాయి. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

మధ్యాహ్నం షాపుకు పోయి మేకు మీది పీలిక ఒకటి జేబులో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి, గూట్లోని సీసా మెడకు రెండు ముళ్ళు వేసి కట్టాను.

సాయంత్రం నాయిన వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. గూట్లో చెయ్యి పెట్టి, చెయ్యి అలాగే ఆపాడు.

"గిది ఎవరు కట్టిన్రు?"

"నాకేం తెల్సు?" అంది అమ్మ చాప మీద నుంచి. "నీ బిడ్డే కట్టిందేమో. ఏందో, సీసకు గూడ కొత్త చీర కట్టిన్రు. రా, జల్ది రాయి, గుంజుతున్నయ్ కాళ్లు."

నాయిన వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"నువ్వు కట్టినవా?"

తల ఊపాను.

"ఎందుకు కట్టినవ్?"

అడగవలసిన ప్రశ్న అదే. జవాబు చెప్పక తప్పని ప్రశ్న కూడా అదే. మా షాపులో ఆ మాట అడిగితే మౌనంగా ఉండటమనేది లేదు. కాగితం తెచ్చాను. ఇంగ్లీషు వాక్యం చూస్తూ తెలుగులో చెప్పడం షాపులో రోజూ చేసే పనే. అదే గొంతుతో, ఏ వోల్టేజీ ఎక్కడ ఉండాలో చదివినట్టు, పైనుంచి కిందికి చదివాను.

"మళ్ల చదువు," అన్నాడు.

మళ్ళీ చదివాను. స్టీలు గ్లాసులో చుక్క వేసి చూపించాను. చుక్క అడుక్కి చేరేదాకా ఆయన వంగి చూశాడు.

"ఎన్నడు చదివినవ్ గిది?"

"పంతొమ్మిది దినాలాయె."

"దవాఖానల డాక్టర్ అడిగినప్పుడు గూడ ఎరికేనా నీకు?"

"ఎరికే."

ఆయన నన్ను తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. తన రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి, మణికట్ల మీది గింజలు చూసుకున్నాడు.

"ఊకో, పిల్లను పరేషాన్ చెయ్యకు," అంది అమ్మ. ఆమెకు పూర్తిగా అర్థమైందో లేదో తెలియలేదు. తన మోకాళ్ళ వైపు చూసుకుని అడిగింది. "అయితే రెండేండ్ల సంది నా కాళ్లకు రాసింది...?"

ఆమె చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ మీదకు లాక్కుంది.

"ఇంకెవరికన్నా ఇచ్చినవా నాయినా?" అని అడిగాను.

"ఎవ్వరికియ్యలే. శానమంది అడిగిన్రు. మీ అమ్మకు తక్కువైతదని ఇయ్యలే."

మర్నాడు డాక్టర్‌కు అంతా చెప్పాం. ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. ఇలాంటి కేసు తానెప్పుడూ చూడలేదన్నాడు. దీనివల్లే అని చెప్పలేను, దీనివల్ల కాదనీ చెప్పలేను అన్నాడు. ఆ పరీక్ష ఇక్కడ చెయ్యరు. హైదరాబాదుకు రాసిచ్చాడు. అక్కడా రక్తం తీశారు, ఏవో మందులు ఇచ్చారు, నెలకోసారి రమ్మన్నారు. అమ్మ కళ్ళ పచ్చదనం ఒక నెల తగ్గుతుంది, ఒక నెల పెరుగుతుంది. ఖానావళికి రొట్టెలు మానేసింది. ఎందుకు వచ్చిందో, ఎప్పుడు పోతుందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

షాపులో మిగిలిన కండెన్సర్లను ఇద్దరం చేతి తొడుగులు వేసుకుని బయటకు తీశాం. రెండు సీసాలు, తుడిచిన గుడ్డలు, అమ్మ చాప, అన్నీ మూత ఉన్న ఇనుప పెట్టెలో పెట్టి చుట్టూ ఇసుక నింపాం. నాయిన చాపను మడుస్తుంటే చూడలేక పక్కకు తిరిగాను. కాల్చేద్దామా అని ఒక్కసారి అడిగాడు. వద్దన్నాను, పొగ ఇంకా చెడ్డదని. ఎక్కడ అప్పజెప్పాలో తెలుసుకోవడానికి ఉత్తరాలు రాశాను. ఒక చోట నుంచి మాత్రం, ఇది మా పరిధిలోకి రాదని జవాబు వచ్చింది. పెట్టె మా బల్ల కింద ఉంది. గొళ్ళేనికి ఎర్ర గుడ్డ నేను కట్టాను.

"నువ్వు కట్టినవ్. ఇంగ నువ్వే చూస్కోవాలె. నేను పోయినంక గూడ ఎవ్వరితోని ఇప్పనియ్యకు," అన్నాడు నాయిన. పెట్టె మీద కన్నడంలో పెద్ద అక్షరాలతో విషం అని రాయించాడు. ఆ అక్షరాలు కూడా నేనే రాశాను.

ఇప్పుడు అమ్మ మోకాళ్ళకు నువ్వుల నూనె రాస్తున్నాను. నాయిన ఆ రోజు తర్వాత అమ్మ కాళ్ళు ముట్టలేదు. మొదట్లో అమ్మ పిలిచింది. "నువ్వుల నూనే కదా, వచ్చి రాయి," అని. ఆయన తన చేతులు కడుక్కోవడానికి పోయాడు. సబ్బు అరిగేదాకా కడుక్కుని, వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, తర్వాత బయటి గదిలోకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు రోజూ ఆ పావుగంట రేడియో పెట్టుకుని అక్కడే కూర్చుంటాడు. స్టేషన్ సరిగ్గా పట్టకపోయినా తిప్పడు.

"నీ చేతుల బలం లేదే," అంటుంది అమ్మ. "మీ నాయిన రాస్తే ఎముక దాక తెలుస్తుండె."

నాలుగు రోజుల కిందట ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. గొంతు తగ్గించి చెప్పింది.

"మీ నాయినకు చెప్పు. నాకు కోపం లేదని చెప్పు. ఎరుక లేక చేసిండు గని, ఎరికై చేసిండా? నేను చెప్తె లేసి పోతుండు. నువ్వన్న చెప్పవే."

సరే అన్నాను. ఆ రోజు షాపులో ఆయన పక్కన నిలబడి ఒక సీఆర్ఓ కండెన్సర్‌కు వైరు కట్టాను. చచ్చిందా అని ఆయన అడగలేదు. ఈ మధ్య అడగడం లేదు. వాక్యం తయారుగానే ఉంది. నాయినా, అమ్మకు కోపం లేదంట. మూడు నాలుగు మాటలే.

ఈ రోజుకు కూడా చెప్పలేదు. డైరీలో మాత్రం తారీఖు వేసి రాసి పెట్టాను.